జపాన్ నుంచి రావలసిన జవాబు

ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు మేడ్చల్‌లో, ఆర్టీవో ఆఫీసు ముందున్న నా బల్ల దగ్గర అందింది. ఎవరిదో పాత కారు పేరు మార్పిడి ఫారం నింపుతున్నాను. అమ్మేవాడి పేరు రాసి తండ్రి పేరు గడి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. అవతల ఉస్తాద్ భార్య. ఆమెను నేను చిన్నమ్మ అంటాను.

"బిడ్డా, మీ ఉస్తాద్ లేస్తలేడు," అంది. "చాయ్ పెట్టి పిలిచిన. మల్ల పిలిచిన. లేస్తలేడు."

ఆమె ఏడవలేదు. నాకే అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఎదురుగా కూర్చున్న మనిషి జల్దీ కానీ అన్నట్టు చూస్తున్నాడు. నేను మళ్లీ పెన్ను పట్టుకుని, తండ్రి పేరు గడిలో ఉస్తాద్ పేరు రాసేశాను. ఆ మనిషి ఇదెవరి పేరని అడిగాడు. ఫారం చింపి, పక్క బల్ల ఆయన దగ్గరికి వెళ్లమని చెప్పి లేచాను.

ఉస్తాద్ అంటే కార్ల మెకానిక్. మేడ్చల్ నుంచి శామీర్‌పేట్ పోయే రోడ్డు మీద రేకుల షెడ్డు. ఇరవై ఏళ్లు ఆయన ఒకే ఒక్క జపాన్ కంపెనీ బండ్లు బాగుచేశాడు. వేరే కంపెనీ బండి వస్తే మర్యాదగా చాయ్ తాగించి పంపేవాడు. ఆ షెడ్డు మూతపడి ఆరేళ్లయింది. మూతపడింది నా బండి వల్ల. తప్పు తనదేనని ఆయన అనుకున్నాడు, చుట్టుపక్కల వాళ్లూ అలాగే అనుకున్నారు. కానీ తప్పు నాది. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన మర్నాడే షట్టర్ ఎత్తేవాడు. ఆరేళ్లలో ఆ మాట నా నోటి నుంచి రాలేదు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం రివాజు. ఆయన మంచి రాయాలంటే నా చెడ్డ కూడా రాయక తప్పదు. అందుకే ఇది కొంచెం వంకరగా నడుస్తుంది. ఓపిక పట్టండి.

ఉస్తాద్ వాళ్ల నాయిన మగ్గం నేసేవాడు. నేత కూడు పెట్టకపోయేసరికి ఇల్లు ఎత్తేసి కుత్బుల్లాపూర్ దిక్కు వచ్చి ఏదో ఫ్యాక్టరీలో చేరాడు. మగ్గం ఊళ్లోనే పోయింది. మిగిలింది ఒక సంచెడు దారపు కండెలు. ఉస్తాద్ కొన్నేళ్లు అవీ ఇవీ పనులు చేసి, సిటీలో ఆ జపాన్ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పనికి కుదిరాడు. అక్కడ పని నేర్పే పెద్దమనిషి మొదటి రోజు స్పానర్ ఇవ్వలేదట, కంపెనీ కథ చెప్పాడట. ఆ కథ విన్నాక ఉస్తాద్ ఇక వేరే మనిషైపోయాడు. కొన్నేళ్లకు సొంత షెడ్డు పెట్టుకున్నాడు, ఆ కథను మాత్రం వదల్లేదు.

ఆ కథ మాకందరికీ కంఠతా వచ్చు. ఆయిల్ మార్చుకోవడానికి వచ్చినవాడికి కూడా జపాన్ చరిత్ర ఉచితం. బండి కింద పడుకుని, కాళ్లు మాత్రం బయటికి పెట్టి చెప్పేవాడు.

"కంపెనీ పెట్టినాయన నాయిన ఎవరనుకున్నవ్? మా నాయిన అసుంటోడే. మగ్గాల మనిషి. తల్లి నేస్తుంటె కూసోని చూసి చూసి, గామె కష్టం తీర్వాలని కొత్త మగ్గం జేసిండు. దారం తెగిందనుకో, గది దానంతటదే ఆగిపోతది. మనిషి పరేషాన్ గావద్దు. మా నాయిన మగ్గం ఆగకపోయేది. దారం తెగింది చూసుకోకపోతె మూరెడు బట్ట ఖరాబ్."

తర్వాత ఆ మగ్గం హక్కులు అమ్మిన డబ్బు కొడుకు చేతికి రావడం, ఆ కొడుకు ఒక అమెరికా కారు తెప్పించి ఏ బోల్టుకు ఆ బోల్టు విప్పి చూడటం, యుద్ధం తర్వాత కంపెనీ మునిగిపోయే దాకా వస్తే ఆ కొడుకే తప్పు నెత్తిన వేసుకుని కుర్చీ దిగిపోవడం, మొదటిసారి అమెరికాకు పంపిన బండ్లు అక్కడి పెద్ద రోడ్ల మీద నడవలేక నవ్వులపాలు కావడం, అన్నీ వరసగా వచ్చేవి. నవ్వులపాలైన ముచ్చట చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇంకా పెద్దదయ్యేది. "ఇంకొకడైతే దాస్తుండె. వీళ్లు దాయలే. బండ్లు ఆపుకున్నరు, మల్ల మంచిగ జేసుకోని పోయిన్రు." ఆఖరికి ఫ్యాక్టరీలో వేలాడే తాడు దగ్గర ఆగేవాడు. ఎంత చిన్న పనివాడైనా సరే, తప్పు కంటపడితే ఆ తాడు లాగవచ్చు. లాగితే లైనంతా ఆగుతుంది. లాగినవాణ్ని ఎవరూ తిట్టరు. ఈ మాట చెప్పి బండి కింది నుంచి మొహం బయట పెట్టి మావైపు చూసేవాడు, నమ్మామో లేదో అని.

మా దిక్కు ఆ కంపెనీకి ఉన్న ఇజ్జత్ వేరు. భూములు అమ్మినవాడు, సర్పంచ్‌గా గెలిచినవాడు, ప్లాట్లు వేసేవాడు, ఎవడికైనా ముందు తెల్లచొక్కా, ఆ వెంటనే ఆ కంపెనీ తెల్లబండి. అది పెద్దరికం చూపడానికి. నాలాంటి కిరాయి బండివాడికి మాత్రం అది తిండి. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగినా ఇంజన్ మూలగదు, అమ్మబోతే కొనేవాడు దొరుకుతాడు. నేను ఏడు సీట్ల బండి పాతది కొన్నప్పుడు ఉస్తాద్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "నీ పిల్లల సదువు గిదే సూస్కుంటది తియ్యి," అన్నాడు. చూసుకుంది కూడా, కొన్నేళ్లు.

ఉస్తాద్ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి లోపలికి రాగానే వాళ్ల నాయిన కండె నుంచి మూరెడు దారం తీసి స్టీరింగ్‌కు కట్టేవాడు. పని అయ్యాక దారం అలా ఉండగానే బండిని చెరువు దాకా తనే నడిపి, విని, తిరిగొచ్చి, అప్పుడు పంటితో కొరికి తెంపేవాడు. గ్రీజు అంటిన దారం నోట్లో పెట్టుకుంటావా అని చిన్నమ్మ రోజూ తిట్టేది. ఆయన వినలేదు. దారం ఉన్న బండిని ఎంత మొనగాడైనా బయటికి తీయడానికి లేదు. ఒకసారి ఒక లీడర్ మనుషులు మీటింగుకు పోవాలని వచ్చి అరిచారు. "నేను తాడు గుంజిన సార్, లైన్ ఆగింది," అన్నాడు. వాళ్లు ఆటోలో పోయారు.

ప్రతి సామానునూ ఆయన చెవితో పరీక్ష చేసేవాడు. బ్రేక్ ప్యాడ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని స్పానర్‌తో చిన్నగా కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. చక్రాన్ని పట్టి ఆపే లైనింగ్ పొర ఇనుప రేకుకు సరిగా అతుక్కుని ఉంటే ఒక మోత, లేకపోతే ఒక మోత. మాకు రెండూ ఒకటిగానే వినపడేవి. అయితే కంపెనీ డబ్బాలో వచ్చిన సామానును మాత్రం ఎన్నడూ కొట్టి చూడలేదు. అది ఆయన లెక్క ప్రకారం పాపం. "వాళ్లు ఇనే పంపుతరు. నేను మల్ల ఇంటె వాళ్లను అవమానించినట్టు," అనేవాడు. ఆయనలోని వెర్రి అదొక్కటే.

ఇప్పుడు నా సంగతి. నా బండికి, లాల్‌గడి మలక్‌పేట్‌లో ఒక రైతు బండికి బ్రేక్ ప్యాడ్లు వేయాల్సి వచ్చింది. నేను సిటీకి కిరాయికి పోతున్నానని ఉస్తాద్ నాకే పని చెప్పాడు, కంపెనీ కౌంటర్ నుంచే రెండు సెట్లు తెమ్మని. నేను పోయేసరికి కౌంటర్ దగ్గర మస్తు మంది ఉన్నారు. బయట ఒకడు సైగ చేసి పిలిచాడు. అదే డబ్బా, అదే రంగు, మీద అదే జపాన్ అక్షరాలు. ధర మాత్రం తక్కువ. వాడి మొహం చూస్తేనే అది నకిలీదని నాకు తెలిసింది. తెలిసి కూడా తీసుకున్నాను. ఆ ఒక్క పూట నేను తెలివైనవాణ్నని అనుకున్నాను.

ఉస్తాద్ డబ్బాలు రెండు చేతులతో అందుకున్నాడు. "కంపెనీ కౌంటర్లనే తెచ్చినవ్ గదా?"

"ఆఁ ఉస్తాద్," అన్నాను.

ఆయన కొట్టి చూడలేదు. డబ్బా కళ్లకద్దుకుని విప్పాడు. బిగించి, చెరువు దాకా నడిపి వచ్చి, దారం కొరికి తాళం నా చేతిలో పెట్టాడు.

నాలుగో రోజు కీసరలో మనుషులను దింపి, ఖాళీ బండితో శామీర్‌పేట్ వైపు వస్తున్నాను. దిగుడులో ఒక నీళ్ల ట్యాంకర్ అడ్డం తిరిగింది. బ్రేక్ తొక్కాను. ఇనుము ఇనుమును రాసుకున్న చప్పుడు వచ్చింది, బండి ఒక పక్కకు లాగేసి కల్వర్టు గోడకు కొట్టుకుంది. నా కుడి మోకాలు నుజ్జయింది. ఇప్పటికీ అది వంగదు.

సాయంత్రానికి ఉస్తాద్ ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికే చక్రం విప్పి చూసి వచ్చాడు. చేతిరుమాలు విప్పితే అందులో ఒట్టి ఇనుప రేకు, పక్కనే ఊడిపోయిన లైనింగ్ ముక్క. "కంపెనీ డబ్బా అని చెవి పెట్టలే బిడ్డా. ఒక్క దెబ్బ కొట్టి ఇని ఉంటె నాకు దెలుస్తుండె. నాదే తప్పు," అన్నాడు. నేను నోరు తెరిచాను. మళ్లీ మూశాను. నొప్పికి మాట రావడం లేదనుకుని ఆయన నా తల నిమిరాడు. నొప్పేమీ లేదు, సూదిమందు ఇచ్చారు.

ఆసుపత్రి నుంచి ఆయన ఇంటికి పోలేదు. బస్సెక్కి లాల్‌గడి మలక్‌పేట్ పోయాడు. రెండో సెట్టు ఆ ఊళ్లో తిరుగుతోంది కదా. ఆ రైతు బండి వాకిట్లో కనపడగానే ఏమీ చెప్పకుండా స్టీరింగ్‌కు దారం కట్టాడట. పొద్దున దాకా ఆ వాకిట్లోనే కూర్చుని, తెల్లారాక ప్యాడ్లు విప్పి, స్పానర్‌తో ఒక్కటి కొడితే లైనింగ్ ఊడి ఆయన ఒళ్లో పడింది. పెద్ద పెద్ద కంపెనీలు బండ్లను వెనక్కి పిలిపించుకుంటాయని పేపర్లో చదువుతాం. మా ఉస్తాద్ తన బండిని పిలవలేదు, తనే దాని దగ్గరికి పోయాడు. ఆ రైతు పిల్లలు ఇవాళ బతికి ఉన్నారంటే ఆయన వల్లే. ఇది ఎక్కడో ఒక దగ్గర రాసి ఉండాలని నా కోరిక.

తిరిగొచ్చి షెడ్డు షట్టర్ దించి, తాళం కొక్కేలకు దారం కట్టాడు. "లైన్ ఆపిన," అన్నాడు.

నా బండి పాత ఇనుముకు పోయింది. వంగని మోకాలితో నేనేం చేయాలో కూడా ఆయనే ఆలోచించాడు. షెడ్డులో ఉన్న బల్లనూ ఒక పాత గొడుగునూ ట్రాలీ ఆటోలో వేయించి ఆర్టీవో ఆఫీసు ముందు దింపాడు. "నీ రాత మంచిగుంటది. ఫారాలు నింపు," అన్నాడు. ఈ ఆరేళ్లు నా ఇల్లు గడిచింది ఆ బల్ల మీదే. ఇది రాస్తున్నదీ దాని మీదే. గ్రీజు మరక ఒకటి ఎంత తుడిచినా పోదు.

ఆ బల్ల దగ్గరికే ఒక రోజు వచ్చి కూర్చుని, జపాన్‌కు ఉత్తరం రాయమన్నాడు. ఆ బ్రేక్ ప్యాడ్ల డబ్బా తెచ్చుకున్నాడు, దాని మీద ఉన్న అడ్రసు కోసం. ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను.

"కంపెనీ పెద్దలకు నమస్కారం జేసి రాసేది. ఇరవై ఏండ్ల సంది మీ బండ్లు బాగుజేస్తున్న. మీ డబ్బల వచ్చిన బ్రేక్ ప్యాడ్ ఊడింది. ఒక మనిషి కాలు పోయింది. మిమ్ములను తిడుతలేను. నేను గూడ ఇనలే. తాడు గుంజుతున్న. ఆగి చూడుండ్రి."

అంతే. ఇంకేం రాయాలని అడిగితే, "తాడు గుంజినంక ఇంకేం జెప్తరు? వాళ్లే వస్తరు," అన్నాడు. నాకు వచ్చినంత ఇంగ్లీషులోకి మార్చాను. ఆయన కింద తెలుగులో సంతకం చేశాడు, ఒక్కో అక్షరం ఆగి ఆగి. జవాబుకు నా అడ్రసే రాయించి, పోస్టులో వేయమని నాకే ఇచ్చాడు.

నేను వేయలేదు. వేస్తే వాళ్లు ఆ డబ్బా ఫొటో అడుగుతారు, ఎక్కడ కొన్నారంటారు, అది తమది కాదంటారు. అప్పుడు ఉస్తాద్ నా మొహం చూస్తాడు. ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టి, పైన ఫారాలు పెట్టి తాళం వేశాను.

ఆయన వారానికోసారి వచ్చేవాడు. "జవాబొచ్చిందా?" మొదటి ఏడాది, దేశం దూరం కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. రెండో ఏడాది, "ఊకె జవాబియ్యరు వాళ్లు. పరీక్ష జేస్తుండొచ్చు," అన్నాడు. జవాబు వచ్చినంక షట్టర్ దారం తెంపుతానని చిన్నమ్మకు మాటిచ్చాడు. మూడో ఏడాది అడగడం తగ్గింది. ఇంట్లో గోడకున్న ఆ కంపెనీ క్యాలెండర్ కనపడలేదు. ఏదని అడిగితే చిన్నమ్మ కళ్లతో వద్దని చెప్పింది. ఆయన అరుగు మీద రోడ్డుకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఒకప్పుడు అలా కూర్చునే, వెనక పోయే బండి చప్పుడు విని ఏ మోడలో, ఎన్నేళ్లదో చెప్పి పిల్లలతో పందెం కట్టేవాడు. ఇప్పుడు ఏ బండి పోయినా నోరు మెదపడం లేదు.

చెప్పేద్దామని రెండుసార్లు పోయాను. మొదటిసారి నేను గొంతు సవరించుకునే లోపే ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఇంకొకడైతే నా మీద కేసు పెడ్తుండె. నీ అసుంటోడు దొరకడు బిడ్డా," అన్నాడు. ఆ మాట తర్వాత ఎలా చెప్తాను? రెండోసారి ఈ వానాకాలంలో. ఆయనకు ఊపిరి సరిగా అందడం లేదు. చిన్నమ్మ దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. నేను మొదలుపెట్టాను, "ఉస్తాద్, గా డబ్బ సంగతి..." అని. ఆయన చెయ్యి ఊపాడు.

"ఇడిసిపెట్టు. వాళ్లు గూడ మన అసుంటోళ్లే. నేనే పెద్దగ జేసి చూసిన. తాడు లేదు, ఏం లేదు. ఎవడో కథ జెప్పిండు, నేను నమ్మిన. ఇరవై ఏండ్లు."

ఆయన నోటి నుంచి నేను విన్న ఆఖరి ముచ్చట అదే. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. వాళ్లకు ఉత్తరమే అందలేదు. అంత దూరంలో ఉన్న ఆ కంపెనీ పేరును మా ఉస్తాద్ మనసులో చంపింది నేను, ఈ సొరుగు తాళంతో. అప్పుడైనా చెప్పాల్సింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడని లేచి వచ్చేశాను.

ఆయన పోయాక మొదటిసారి మా ఇంటామెకు ఇదంతా చెప్పాను. ఆమె, "ఆయనకు ఎర్కయ్యే ఉంటది తియ్యి. పెద్దమనిషి, నిన్ను బాధపెట్టొద్దని అనలే," అంది. మంచి మనసుతో అన్న మాట. ఆ మాట పట్టుకుని బతకవచ్చు. కానీ నాకు ఉస్తాద్ తెలుసు. ఆయనకు తెలిసి ఉంటే ముందు నా చెంప పగలగొట్టేవాడు, ఆ వెంటనే పరుగెత్తి షట్టర్ ఎత్తేవాడు. ఆరేళ్లు షట్టర్ ఎత్తలేదు. ఆయనకు తెలియదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక చిన్నమ్మ నన్ను లోపలికి పిలిచింది. షెడ్డు జాగా సొంతదారు పటేలు దుకాణాలు కట్టడానికి అడుగుతున్నాడని, వచ్చే నెల రేకులు విప్పేస్తారని చెప్పింది. అల్మారాలోంచి ఆ బ్రేక్ ప్యాడ్ల డబ్బా తీసి నా చేతుల్లో పెట్టింది. అందులో ఇనుప రేకు, లైనింగ్ ముక్క, ఒక కండె. ఉస్తాద్ ఫొటోకు వేసిన దండ అప్పుడే వాడిపోయింది.

"నీ అడ్రసే ఇచ్చిండు గదా బిడ్డా జపానోళ్లకు," అంది. "ఇయ్యాల గాకపోతె రేపన్న జవాబొస్తది. వచ్చిన్నాడు జర దెచ్చి, గీ ఫొటో ముందట కూసోని సదువు. మీ ఉస్తాద్ ఇంటడు."

"ఆఁ చిన్నమ్మా," అన్నాను.

ఇంటికి పోతూ షెడ్డు దగ్గర ఆగాను. షట్టర్ నిండా ప్లాట్ల పోస్టర్లు. తాళం కొక్కేల మధ్య ఆ దారం ఆరేళ్ల దుమ్ముతో నల్లబడి ఉంది. రోడ్డు మీద కంకర లారీ పోయినప్పుడల్లా షట్టర్ అంతా అదురుతోంది. దారం మాత్రం తెగలేదు.